తడవని ఉమ్ముగిన్నె

శనివారం పొద్దున పది గంటల అయిదు నిమిషాలకు కెప్టెన్ సెర్రావో నా బల్ల మీద మూడు కాగితాలు పరిచాడు. ఒకటి లాబ్ రిపోర్టు. రెండోది ఫోన్ కాల్స్ జాబితా. మూడోది ఇంకా సంతకం కాని అరెస్టు వారంటు. ఒంటిగంట లోపల మేజిస్ట్రేటు సంతకం పెడుతుందని, ఆ వెంటనే వైను చేసే ఒర్సొలా దెల్పిరోని జైలుకు తీసుకుపోతానని చెప్పాడు. నా కుర్చీలో కూర్చుని చెప్పాడు. నా ఠాణాలో నేను నిలబడి విన్నాను.

నాకు కూర్చోబుద్ధి కూడా కాలేదు. గురువారం మధ్యాహ్నం నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. కోటు జేబులోంచి హేజల్‌నట్లు తీసి ఒక్కొక్కటీ కొరుకుతూ కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాను.

గురువారం జరిగింది ఇదీ. మా కొండల్లో అందరూ భయపడే వైను విమర్శకుడు అల్దెమారో విస్కా, ఒర్సొలా వైనరీలో ఒక గ్లాసు వైను తాగి చనిపోయాడు. పక్క కుర్చీలో కూర్చున్న రెండో విమర్శకుడు రుజ్జెరో సాల్వెట్టి అదే సీసాలోది రుచి చూశాడు. ఆయన నిక్షేపంలా ఉన్నాడు.

ఇద్దరూ ఒకే పత్రికకు రాస్తారు. నెలకొక వైను, ఎదురెదురు పేజీల్లో ఇద్దరి తీర్పులు. పత్రిక వచ్చిన వారమే ఆ వైనరీకి వెళ్ళి ఇద్దరూ అందరి ముందూ మళ్ళీ రుచి చూస్తారు. ఒకరు ఔనన్నది ఇంకొకరు కాదనాలి, జనం ఆ పోట్లాట కోసమే పత్రిక కొంటారు. ఈ నెల వంతు ఒర్సొలాది. చిన్న ఫ్రెంచి పీపాలు వాడి కొత్త పద్ధతిలో చేసే మనిషి కాబట్టి కొట్లాట ఖాయమని ఊరంతా ముందే అనుకుంది. సోమవారం పత్రిక వచ్చింది. రుజ్జెరో తొంభై ఆరు మార్కులు వేసి, కొత్త చెక్క తెచ్చిన వనిల్లా పరిమళం మా నేలకు కొత్త ముఖాన్నిచ్చిందని మెచ్చుకున్నాడు. విస్కా అరవై ఎనిమిది వేశాడు. ఇది వైను కాదు, వడ్రంగి కొట్టు, కొత్త చెక్కా వనిల్లా తప్ప నోటికి ఇంకేమీ తగలలేదని రాశాడు. బుధవారానికల్లా కొనేవాళ్ళు ఒక్కొక్కరే ఒర్సొలాకు మొహం చాటేశారు.

"మూడు ముక్కల్లో చెప్తాను మరెషాల్లో," అన్నాడు కెప్టెన్, ఠాణా అధికారిగా నా హోదా పేరుతో పిలుస్తూ. "సీసా మీద వేలిముద్రలు ఆమెవి. గ్లాసుల్లో పోసింది ఆమె. బుధవారం సాయంత్రం ఆరూ నలభైకి విస్కాకి ఫోన్ చేసి నీ చేతులు పడిపోను అని తిట్టిందీ ఆమే. ఇంకేం కావాలి మీకు?"

విషం ఏమిటని అడిగాను. మా పై కొండల్లో నీలంగా పూస్తుందే, ఆ వత్సనాభి వేరు రసం అని లాబ్ వాళ్ళు రాశారట. ఎవరైనా తవ్వుకోవచ్చు, ఏ అంగడికీ పోనక్కర్లేదు.

"మరి రుజ్జెరోకి ఏం కాలేదేం?"

"రుచి చూసి ఉమ్మేశాడు. మీ వాళ్ళకు అది మర్యాదట కదా. నేను మంచినీళ్ళు తాగేవాణ్ణి, నాకేం తెలుసు." నవ్వి రిపోర్టు తిరగేశాడు. "అతని ఉమ్ముగిన్నెలో విషం ఉన్న వైను దొరికింది. విస్కా గిన్నె శుభ్రంగా ఉంది. ఉమ్మేలోపలే పడిపోయుంటాడు పాపం."

నేను నడక ఆపాను. గురువారం టైములు నాకు నోటికొచ్చు. పదీ యాభైకి వైను పోశారు. పదకొండుంబావుకి విస్కా కుర్చీలోంచి జారాడు. పదకొండూ నలభైకి ప్రాణం పోయింది. మొదటి గుక్కకీ పడిపోవడానికీ మధ్య ఇరవై అయిదు నిమిషాలున్నాయి. ఆ ఇరవై అయిదు నిమిషాల్లో నలభై ఏళ్ళ అనుభవమున్న విమర్శకుడు ఒక్కసారి కూడా ఉమ్మకుండా గ్లాసు ఖాళీ చేశాడు. అది కూడా తను చెత్త అని రాసిన వైనుని.

"ఒంటిగంట దాకా నాకు టైముంది కదా?" అన్నాను.

"ఉంది. అంతదాకా ఆ హేజల్‌నట్లు తింటూ కూర్చోండి."

జేబులోంచి నాలుగు తీసి అతని రిపోర్టు మీద పెట్టి బయటికి వచ్చాను.

ఠాణా నుంచి ఒర్సొలా వైనరీకి మూడు కిలోమీటర్లు. ఆ రోజు ముప్పై నిమిషాలు పట్టింది. అక్టోబరు రెండో వారం, నెబ్బియోలో అనే మా నల్లద్రాక్ష కోతలు ముమ్మరంగా సాగుతున్న శనివారం. రోడ్డు పొడుగునా పళ్ళ బుట్టలతో ట్రాక్టర్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడ్డాయి. హారన్ కొడితే ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి, ఎగిరి పొమ్మంటారా అమ్మా అని చేతులతోనే అడిగాడు.

దారిలో ఒక సంగతి నాకు నేనే ఒప్పుకున్నాను. ఒర్సొలా వైనంటే నాకు పడదు. మా నాన్న పేరు బత్తిస్తా, పీపాలు చేసేవాడు. మనిషి లోపల నిలబడి కడగగలిగేంత పెద్ద పీపాలు. ఒక్కోటీ యాభై ఏళ్ళు పనిచేసేది. ఒర్సొలా వయసు వాళ్ళు ఫ్రెంచి చిన్న పీపాలు తెప్పించుకోవడం మొదలుపెట్టాక మా కొట్టు మూతపడింది. నాన్న చివరి పదేళ్ళూ తలుపులు బాగుచేసుకుంటూ బతికాడు. అందుకే విస్కా రాసినది సోమవారం చదివినప్పుడు లోపల కొంచెం సంతోషపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది.

రుచి చూసే గది తలుపు దగ్గర కెప్టెన్ మనిషి కానిస్టేబులు ఉన్నాడు. సీలు నా సంతకంతో తీయించి లోపలికి వెళ్ళాను. తూనిన్ మావని కూడా రమ్మన్నాను. డెబ్బై నాలుగేళ్ళ తూనిన్ మావ ఆ వైనరీలో మూడు తరాల యజమానుల దగ్గర పనిచేశాడు. నన్ను చిన్నప్పుడు నాన్న పీపాల్లోంచి బయటికి లాగినవాడు.

గదిలో పొడవాటి బల్ల, రెండు కుర్చీలు. సీసా, గ్లాసులు, రాగి ఉమ్ముగిన్నెలు లాబ్‌లో ఉన్నాయి. బల్లకు అతికించిన తెల్ల కాగితాలు మాత్రం అలాగే ఉన్నాయి. వైను రంగు చూడటానికి అడుగున తెల్లగా ఉండాలని వాటిని వేస్తారు. కెప్టెన్ మనుషులు వాటిని ఫోటో తీసి వదిలేశారు.

రుజ్జెరో కూర్చున్న చోట కాగితం మీద ఉమ్ముగిన్నె అడుగు గుండ్రంగా అచ్చు పడి ఉంది. దాని చుట్టూ ఎర్రటి చుక్కలు. లెక్కపెట్టాను, పందొమ్మిది. ఎంత చేయి తిరిగిన విమర్శకుడైనా ఉమ్మినప్పుడు నాలుగు తుంపరలు పడక తప్పదు. విస్కా కాగితం దగ్గరికి వచ్చాను. గ్లాసు అడుగు ఆరుచోట్ల అచ్చు పడింది. అంటే ఆరుసార్లు ఎత్తి దించాడు. ఉమ్ముగిన్నె పెట్టిన చోట ఒక్క చుక్క లేదు.

"మావా, ఇది చూడు," అన్నాను.

తూనిన్ మావ వంగి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చూశాడు. తర్వాత టోపీ తీసేశాడు.

"అయితే ఆయనకు నచ్చిందన్నమాట," అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. వివరంగా చెప్పమన్నాను.

"ముప్పై ఏళ్ళుగా రుచుల రోజున గిన్నెలు కడిగేది నేనే అమ్మాయ్. ఎవరికేం నచ్చిందో పత్రికలో చూసుకునేది మీరు. నేను గిన్నెలోనే చూస్తాను. ఈయన నచ్చనిది ఉమ్ముతాడు, ఫరవాలేదనుకున్నదీ ఉమ్ముతాడు. బాగా నచ్చితే మాత్రం అందరూ కాగితాల్లో తలదూర్చినప్పుడు గుట్టుగా మింగేస్తాడు. నేను చూడగా మా ఊళ్ళో నాలుగుసార్లు మింగాడు. అందులో ఒకటి మీ నాన్న పీపాలోది."

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"గిన్నెలు సర్దేవాళ్ళకి, కడిగేవాళ్ళకి. ఇంకెవరు చూస్తారు వాటి వంక?"

గురువారం గిన్నెలు సర్దింది ఎవరని అడిగాను. ఎడిటరమ్మే అన్నాడు. పత్రిక తరఫున ప్రతినెలా బల్ల తన చేత్తోనే సర్దుతుందట, ఎవర్నీ ముట్టుకోనివ్వదట. ఎర్మీనియా ప్రోవెరా. పత్రిక పెట్టిందీ, నడిపేదీ ఆవిడే.

అప్పుడు టైము పదకొండూ ఇరవై. ఒర్సొలాని వంటగదిలో కూర్చోబెట్టి ఒక కానిస్టేబులు కాపలా కాస్తున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి రెండు రోజుల్లో పదేళ్ళు పెద్దదైనట్టుంది. చేతులు మోచేతుల దాకా ద్రాక్ష రసం మరకలు. పెరట్లో బుట్టల్లో పళ్ళు ఎదురుచూస్తున్నాయి, ఈ రోజు తొక్కకపోతే పాడైపోతాయి, ఆమె చూపంతా కిటికీలోంచి వాటి మీదే ఉంది.

గురువారం పొద్దుటి నుంచి ఏం జరిగిందో గంటగంటకూ చెప్పించాను. ఎనిమిదిన్నరకి సీసా బిరడా తీసింది. మా నెబ్బియోలోకి గాలి తగలకపోతే నోరు విప్పదు, రెండు గంటల ముందు తెరిచి పెట్టడం మాలో అందరూ చేసేదే. తొమ్మిదీ పదికి మొదటి బుట్టలు వచ్చాయని పెరట్లోకి వెళ్ళింది. తిరిగి ఆ గదిలోకి వచ్చింది పదిన్నరకి, విమర్శకులిద్దరితో కలిసి. మధ్యలో తొమ్మిదీ నలభైకి ప్రోవెరా వచ్చి బల్ల సర్దుకుంది. మూత లేని సీసా ఆ గంటా ఇరవై నిమిషాలు బల్ల మీదే ఉంది. అందులో ఏదైనా పోయడానికి సీసాని ముట్టుకోవలసిన పని కూడా లేదు.

"ప్రోవెరా తాగిందా?"

"లేదు. కారు నడపాలంది. నేనూ తాగలేదు అక్కా, కోతలప్పుడు నాకు నాలుక పనిచేయదు."

అక్కా అన్నాక నాలుక కరుచుకుని మరెషాల్లో గారూ అని సర్దుకుంది. అక్కర్లేదన్నాను. బుధవారం ఫోన్ సంగతి అడిగాను.

"తిట్టాను. తిట్టలేదని ఎందుకు చెప్పాలి? వడ్రంగి కొట్టు అని రాస్తాడా? ఆయన కాసేపు విని, ఏది, ఏం రాశానో చదువమ్మా అన్నాడు. తన రాతలు అచ్చులో చూసుకునే అలవాటు లేదట. చదివాను. వనిల్లా అన్న మాట దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. గురువారం పెందలాడే సీసా తెరిచి పెట్టమ్మా, నేనొచ్చి నలుగురి ముందూ తాగుతాను అన్నాడు. ఇదంతా కెప్టెన్‌కి చెప్పాను. కట్టుకథ అన్నాడు."

"వనిల్లా దగ్గరే ఎందుకు ఆపాడు?"

"ఎందుకంటే అందులో వనిల్లా లేదు కాబట్టి," అంది ఒర్సొలా విసుగ్గా. "ఆ పంట ఏడాది ఫ్రాన్సు నుంచి కొత్త పీపాలు రాలేదు, రెండుసార్లు వాడేసినవాటిలోనే వేశాను. మూడోసారికి పీపాలో వాసనేం మిగులుతుంది, మీ నాన్నగారుంటే చెప్పేవారు. నాలుగేళ్ళుగా ఆ మాట నేనెవరికీ చెప్పలేదు, కొత్తవి కొనలేదంటే చులకనగా చూస్తారని."

అదే పంటలోది, సీలుతో ఉన్న ఇంకో సీసా తెమ్మన్నాను. తూనిన్ మావ నా కళ్ళ ముందే బిరడా తీశాడు. గ్లాసు ఎత్తేముందు చేయి ఆగింది, ఆగలేదని అబద్ధం చెప్పను. నోట్లో పోసుకున్నాను. చెక్క కోసం వెతికాను. నా ముక్కు చెక్కపొట్టులో పెరిగిన ముక్కు, కొత్త చెక్క ఉంటే గది అవతల నుంచే పట్టేస్తుంది. ఎండిన గులాబీ, తడి మట్టి, పళ్ళ చిగుళ్ళను పట్టి లాగే వగరు. చెక్క లేదు. నాన్నకు అన్నం లేకుండా చేసిన పద్ధతిలో చేసిన వైను, మంచి వైను. నేను ఉమ్మలేదు.

ఇక నేను ఒకచోట ఉండలేకపోయాను. పెరట్లో బుట్టల మధ్య పచార్లు చేస్తూ లెక్క వేసుకున్నాను. ఈ వైను రుచి చూసినవాడు ఎవడూ కొత్త చెక్క అని రాయడు. ఒర్సొలా చిన్న పీపాలు వాడుతుందని విని ఊహించుకున్నవాళ్ళే రాస్తారు. విస్కా పేరు మీద అచ్చయిన మాటలు రాసింది, ఆ వైను నోట్లో పోసుకోని మనిషి. మరి రుజ్జెరో పేరు మీద కూడా అదే వనిల్లా ఎందుకుంది?

పన్నెండున్నరకి కెప్టెన్ కారు గేటు దగ్గర ఆగింది. ట్రాక్టర్ల మధ్య ఇరుక్కుని గంట సేపు పొగ మింగొచ్చాడట, ముఖం కందగడ్డలా ఉంది. మేజిస్ట్రేటు తొందరగానే సంతకం పెట్టేసింది. వంటగదిలోకి వెళ్ళి ఒర్సొలా చేతులకు బేడీలు వేసి పెరట్లోకి తీసుకొచ్చాడు. ఆమె ఏడవలేదు. తూనిన్ మావతో, ఆ చివరి బుట్టలు ముందు తొక్కించు మావా, ఎండలో ఉన్నాయి అంది. అది విన్నాక నాకు ఒళ్ళు మండింది.

"కెప్టెన్ గారూ, విమర్శకుణ్ణి చంపాలంటే విషం ఎందులో కలుపుతారు?"

"మళ్ళీ మొదలుపెట్టారా?"

"వైనులో మాత్రం కలపరు. ఎందుకంటే ఉమ్మేస్తాడు. రొట్టెలో కలుపుతారు, నీళ్ళలో కలుపుతారు. ఒర్సొలా ఈ కొండల్లో పుట్టింది, ఆమెకు ఆ మాత్రం తెలియదా? పైగా ఆ ఫోన్ సంగతి మీరన్నట్టు కట్టుకథే అయితే, తన వైనంటే ఆయనకు అసహ్యమనే అనుకుని ఉండాలి. ఉమ్మడం ఖాయమనుకున్న వైనులో విషం కలుపుతుందా?"

"కానీ కలిపారు. ఆయన తాగాడు."

"ఎందుకు తాగాడు? నచ్చింది కాబట్టి. నచ్చిందే మింగుతాడని గిన్నెలు సర్దేవాళ్ళకే తెలుసు. ఇది ఆయనకు నచ్చిందని ఇంకా తక్కువమందికి తెలుసు. ఆయన చేత్తో రాసిచ్చిన కాగితం చదివినవాళ్ళకే."

కెప్టెన్ మూర్ఖుడు కాదు. ఒక క్షణం బేడీల తాళం చెవి వేళ్ళ మధ్య తిప్పాడు.

"ప్రోవెరా అంటారు."

"మీ ఫోన్ జాబితా తీయండి. బుధవారం ఒర్సొలా ఫోన్ పెట్టేశాక విస్కా ఎవరితో మాట్లాడాడు?"

జాబితా తీశాడు. ముందు రుజ్జెరోతో నాలుగు నిమిషాలు, తర్వాత ఏడూ అయిదుకి ప్రోవెరా ఆఫీసు, పదకొండు నిమిషాలు. అది నిన్ననే చూశానన్నాడు. విమర్శకుడు తన ఎడిటర్‌తో మాట్లాడితే ఏ చట్టం ప్రకారం నేరమని అడిగాడు. చేతిరాత కాగితం ఎక్కడుంది, చూపించండి అన్నాడు. లేదు. ఉన్నా ఈపాటికి బూడిదై ఉంటుంది.

"అయితే మీ దగ్గర ఉన్నది ఒక తడవని గిన్నె, ఒక ముసలాయన కబుర్లు," అన్నాడు. "నా దగ్గర సంతకం ఉన్న వారంటు ఉంది."

"ఒక్క ఫోన్. రుజ్జెరోకి. మీ సాక్షే కదా, మీరే వినండి."

అతను గడియారం చూసుకుని, రెండు నిమిషాలు అన్నాడు. పన్నెండూ నలభై ఏడుకి స్పీకరు పెట్టి ఫోన్ చేశాను.

రుజ్జెరో గొంతు అలసిపోయినట్టుంది. తొంభై ఆరు మార్కులు మీరే వేశారా అని నేరుగా అడిగాను. అవతల నిట్టూర్చాడు.

"నేను ఎనభై ఎనిమిది వేశాను," అన్నాడు. "మంచి వైను, తొందరగా తెరిచారు, ఇంకో మూడేళ్ళు ఆగాలి అని రాశాను. చెక్క గురించి ఒక్క ముక్క రాయలేదు. బుధవారం విస్కా ఫోన్ చేసి, అచ్చయిన మాటలు నీవేనా అని అడిగాడు. కావన్నాను. ఆయన వేసింది తొంభై అట. వినండి మరెషాల్లో గారూ, ఈ వైను గురించి మా ఇద్దరికీ తేడా రెండు మార్కులే. మూడేళ్ళుగా ఎర్మీనియా నావి పైకి తోస్తోంది, ఆయనవి కిందికి నొక్కుతోంది. ఆయన అచ్చు చూసుకోడు. నేను చూసుకునేవాణ్ణి. అయినా నోరు మూసుకున్నాను. పిలుపులు వచ్చేవి, సన్మానాలు జరిగేవి. ఆయన గురువారం అందరి ముందూ బయటపెడతానన్నాడు."

నేను కెప్టెన్ వంక చూడలేదు. చూడాల్సిన పని లేదు, తాళం చెవి తిప్పడం ఆగిపోయింది. ఇది మొన్ననే ఎందుకు చెప్పలేదని రుజ్జెరోని అడిగాను.

"పిరికితనం. పైగా మీ కెప్టెన్ ఆ పిల్లే చేసిందని అంత గట్టిగా చెప్తుంటే నిజమే కాబోలనుకున్నాను. కానీ నిద్ర పట్టలేదు. రెండింటికి మీ ఠాణాకు వచ్చి అంతా రాసిస్తాను. పొద్దున ఎర్మీనియాకి కూడా చెప్పేశాను, దాచడం నా వల్ల కాదని. మంచిదే అంది. ముందు భోంచేద్దాం, పెద్దాయన పేరు మీద ఒక గ్లాసు తాగుదాం అంది."

నా చేతిలో హేజల్‌నట్లు కింద పడ్డాయి.

"ఎక్కడున్నారు మీరు?"

"లోయ అవతల, సాన్ బోవో సత్రంలో. ఒర్సొలా వైనే తెచ్చింది, ఆఫీసుకు వచ్చిన సీసాల్లోది. తను మాత్రం తాగలేదు, కారు నడపాలంది. ఇప్పుడే ప్రెస్సు నుంచి పిలుపొచ్చిందని వెళ్ళింది."

"ఎంతసేపయింది పోసి?"

"పది నిమిషాలు. ఏం?"

"నాలుక మొద్దుబారుతోందా?"

"బారుతోంది. గురువారం కూడా బారింది, పెదాలు చిమచిమలాడాయి. నెబ్బియోలో కదండీ, ఆ వగరు అలాగే ఉంటుంది. నా నోట్సులో కూడా రాసుకున్నాను, వగరు గట్టిది అని."

ముప్పై ఏళ్ళు వైను రుచి చూసిన మనిషి, విషం నాలుకను పట్టుకుంటే దానికి మార్కులు వేశాడు. నాకు నిజంగా భయం వేసింది.

"రుజ్జెరో గారూ, ఉమ్మేశారా?"

అవతల చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు సగంలో తడబడింది.

"భోజనం బల్ల దగ్గర ఎవరైనా ఉమ్ముతారా మరెషాల్లో గారూ? అదీ చనిపోయినవాడి పేరు మీద తాగేటప్పుడు. మొత్తం తాగేశాను."

గ్లాసు వదిలేసి సత్రం వాళ్ళని పిలవమన్నాను, కదలకుండా కూర్చోమన్నాను, ఫోన్ పెట్టొద్దన్నాను. కానిస్టేబులు అప్పటికే అంబులెన్సుతో మాట్లాడుతున్నాడు. ఉన్న ఒక్క బండీ లోయకు మా వైపే ఉంది, రోడ్డంతా ట్రాక్టర్లే, సత్రం చేరడానికే ముప్పై అయిదు నిమిషాలు పడుతుందన్నారు. విస్కా ఇరవై అయిదు నిమిషాలకు పడిపోయాడు. రుజ్జెరోకి అందులో పన్నెండు అయిపోయాయి. సత్రం అవతలి వైపు నుంచి ఆసుపత్రికి ఖాళీ రోడ్డు ఉంది, పది నిమిషాలు. కానీ సత్రం వాళ్ళ బండి కోతలకు పోయిందట, ముందు మేమే ఈ లోయ దాటాలి.

"తోటల్లోంచి దారుంది," అంది ఒర్సొలా. అంతసేపూ ఆమె అక్కడ ఉన్న సంగతే మరిచిపోయాం. "మా తోట కింద నుంచి వాగు దాటితే సత్రం పెరడే. మూడు నిమిషాలు. మా పాత జీపు పోతుంది, మీ బండి పోదు. మలుపులు తెలియకపోతే బోల్తా కొడుతుంది. నేను నడపాలి."

బేడీలు వేసిన చేతులు కెప్టెన్ ముందుకు చాపింది. ఆమెకు తొంభై ఆరు మార్కులు దక్కింది ఆ రుజ్జెరో పేరు మీదే. రెండు రోజులు నోరు మూసుకుని ఆమెను జైలు గుమ్మం దాకా తెచ్చిందీ అతనే.

కెప్టెన్ నా వంక చూశాడు, ఆమె చేతుల వంక చూశాడు. తాళం తీశాడు. బేడీలు ద్రాక్ష బుట్టలో పడ్డాయి, ఎవరూ తీయలేదు. ఒర్సొలా అప్పటికే జీపు వైపు పరిగెత్తుతోంది, నేను ఆమె వెనకాల, నా చేతిలో ఫోన్. అందులోంచి రుజ్జెరో, కాళ్ళు కూడా మొద్దుబారుతున్నాయండీ, ఇది వగరు కాదనుకుంటాను అంటున్నాడు. టైము పన్నెండూ యాభై.